వాడ మాట – 19: ఎకరం డెబ్బై ఆరు సెంట్లు



పోయిన భాగంలో హాస్టల్ మెస్ గురించి రాశాక చాలామంది తమ్ముళ్లు "మేడమ్, ఈసారి వర్గీకరణ మీద రాయండి" అని మెసేజ్‌లు పెట్టారు. రాస్తాను. దాని మీద రాసేవాళ్లకు మనలో కొరత లేదు కాబట్టి నేను రెండు వారాలు ఆగినా నష్టం లేదు. ఈ వారం ఆడపిల్లల ఫుట్‌బాల్ గురించి. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసి రండి.

ముందు ఒక లెక్క చెబుతాను. నేను తెలుగు టీచర్ని, లెక్కల్లో గట్టిదాన్ని కాదు, అయినా ఇది వాడలో పుట్టిన ఎవరికైనా వచ్చే లెక్కే. పెద్ద పోటీలు జరిగే ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. మన కొలతలో చెప్పాలంటే ఎకరం డెబ్బై ఆరు సెంట్లు. ఆడవాళ్ల కబడ్డీ కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. రెండున్నర సెంట్లు కూడా లేదు. ఒక్క ఫుట్‌బాల్ మైదానంలో డెబ్బై నాలుగు కబడ్డీ కోర్టులు పడతాయి.

మన సర్కారు బడుల్లో, కస్తూర్బాల్లో, గురుకులాల్లో ఆడపిల్లలకు ఎప్పుడూ కబడ్డీ, ఖోఖో ఎందుకు నేర్పుతారో ఇప్పుడు అర్థమైందా? కబడ్డీ మన ఆట, మట్టి ఆట, నాకూ ఇష్టమే. కానీ ఆ ఎంపిక పిల్లల ఇష్టాన్ని బట్టి జరగలేదు. రెండు గదుల మధ్య ఖాళీలో, కాంపౌండు గోడ లోపల, ఎవరి కంటా పడకుండా సర్దగలిగిన ఆట అది. ఆడపిల్లకు ఎంత చోటు ఇవ్వొచ్చో ముందు నిర్ణయించి, ఆ చోటులో పట్టే ఆట ఏదో తర్వాత వెతికారు.

2020 డిసెంబరులో ఇళ్ల పట్టాలు ఇచ్చారు గుర్తుందా? పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. ఒక ఫుట్‌బాల్ మైదానంలో అలాంటి సెంటున్నర ఇళ్లు నూట పదిహేడు పడతాయి. మనకు ఇచ్చిన కాలనీలు ఆ లెక్కలోనే గీశారు. మంచం బయట వేసుకుంటే పక్కవాళ్ల గుమ్మంలోకి పోతుంది. అక్కడ పుట్టిన పిల్ల బంతిని ఒక్క తన్ను తంతే అది ఎవరి వంటగదిలో పడుతుందో మీరే చెప్పండి.

అందుకే అంటున్నాను, ఆడపిల్లల ఫుట్‌బాల్ ముందు భూమి ప్రశ్న, ఆ తర్వాతే ఆట ప్రశ్న. "అమ్మాయిలకు ఆసక్తి ఉండదు మేడమ్" అనే పీఈటీ సార్లకు నా జవాబు ఇదే. ఆసక్తి పెరగడానికి కూడా కొంత నేల కావాలి సార్.

నేల లేదా మరి పల్నాడులో? సంక్రాంతి వస్తే బండలాగుడు పోటీలకు ఒంగోలు గిత్తలను దించుతారు. దానికి చదును చేసిన బరి ఉంటుంది, గ్యాలరీ ఉంటుంది, మైకు ఉంటుంది, లైట్లు ఉంటాయి. కోడిపందేలకు రాత్రికి రాత్రే పొలం మైదానమైపోతుంది. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు నిలబెట్టడానికి ఎంత చోటు కావాలో నరసరావుపేట వాళ్లకు చెప్పక్కర్లేదు. గిత్తకు చోటుంది, కోడికి చోటుంది, ప్రభకు చోటుంది. పదమూడేళ్ల పిల్ల పరిగెత్తడానికి మాత్రం ఊళ్లో చోటు లేదట.

మన పల్నాటి కథనే చూడండి. సాహిత్యం చదువుకున్నదాన్ని కదా, అక్కడికి పోకుండా ఉండలేను. ఆ కథ నిండా ఆటే. బాలచంద్రుడు బొంగరాలాడతాడు. ఆ బొంగరం దారిన పోయే ఆడమనిషి కాలికి తగిలి గాయమవుతుంది. ఆటలో ఆడవాళ్ల వంతు అంతే, దెబ్బ తగిలించుకోవడం. ఇంకో ఆట కోడిపందెం. అందులో ఒక ఆడమనిషి పందెం కాసి గెలిచింది, నాయకురాలు నాగమ్మ. ఎనిమిది వందల ఏళ్లుగా మన ఊళ్లలో ఆమె పేరును ఏ స్వరంతో పలుకుతున్నారో మీకు తెలుసు. మోసంతో గెలిచింది అంటారు. నాగమ్మ పక్షాన వకాల్తా పుచ్చుకోవడం నా పని కాదు, ఆమె మన మనిషీ కాదు. కానీ మోసం చేసి గెలిచిన మగవాళ్లను రాజనీతిజ్ఞులన్న నోటితోనే ఆమెను జిత్తులమారి అన్నారని గమనించండి. అదే కథలో బ్రహ్మనాయుడి చాపకూడు ఉంది, సేనలో మాల కన్నమదాసు ఉన్నాడు. ఒకే చాప మీద అన్ని కులాలూ అన్నం తిన్నాయని కారంపూడిలో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. బాగుంది. ఒకే గ్రౌండులో అన్ని పల్లెల ఆడపిల్లలూ ఆడారని ఎప్పుడు చెప్పుకుంటాం?

మైదానం దగ్గరే ఆడవాళ్లను ఆపడం మన ఊళ్లలో పుట్టిన తెలివి మాత్రమే కాదు. ఇంగ్లండులో మొదటి ప్రపంచ యుద్ధం కాలంలో మగవాళ్లు సరిహద్దుకు పోతే, ఫ్యాక్టరీల్లో చేరిన ఆడవాళ్లు జట్లు కట్టారు. ప్రెస్టన్‌లోని డిక్, కెర్ ఫ్యాక్టరీ అమ్మాయిల జట్టు వాటిలో పేరుపడ్డది. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్ గూడిసన్ పార్కులో వాళ్లు ఆడితే చూడ్డానికి 53,000 మంది వచ్చారు. టికెట్ డబ్బు దానధర్మాలకు పోయేది. కూలి చేసుకునే ఆడపిల్లలు అంత జనాన్ని రప్పిస్తుంటే పెద్దమనుషులు ఊరుకుంటారా? ఏడాది తిరిగేసరికి, 1921 డిసెంబరు 5న, అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఒక తీర్మానం చేసింది. ఆ తీర్మానంలోని కిటుకు చూడండి. ఆడవాళ్లు ఫుట్‌బాల్ ఆడకూడదని చట్టమేమీ చేయలేదు. తమ సంఘంలోని క్లబ్బులేవీ ఆడవాళ్లకు మైదానాలు ఇవ్వకూడదని చెప్పారు. అంతే. ఆట మీద నిషేధం లేదు, నేల మీద ఉంది. దాదాపు 50 ఏళ్లు అలాగే నడిచింది.

ఇది మనకు ఎక్కడో విన్నట్టు లేదూ? నీళ్లు తాగొద్దని మనల్ని ఎవరన్నారు? ఈ చెరువులో తాగొద్దన్నారు. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ ఆ చెరువులో దిగింది దాహం తీర్చుకోవడానికి కాదని మనం ప్రతి మీటింగులో చెబుతాం. అందరి ఆస్తి మీద మన హక్కు నిలబెట్టడానికి అని చెబుతాం. మరి అందరి గ్రౌండు?

బ్రెజిల్‌లోనైతే 1941లో ఏకంగా చట్టమే తెచ్చారు, ఆడవాళ్ల శరీరానికి పనికిరాని ఆటలని. 1979 దాకా ఎత్తేయలేదు. ఆ దేశంలోనే, అలగోవాస్ రాష్ట్రంలోని ఒక పేద ఊళ్లో మార్తా పుట్టి, మగపిల్లల మధ్య ఆడి, ప్రపంచంలోనే గొప్ప ఆటగత్తె అయింది. నిషేధాలు నడిచిన ఈ ప్రపంచంలోనే 2022 ఏప్రిల్‌లో బార్సిలోనా ఆడవాళ్ల జట్టు మ్యాచ్ చూడ్డానికి 91,648 మంది స్టేడియానికి వచ్చారు. "ఆడవాళ్ల ఫుట్‌బాల్ ఎవరు చూస్తారు?" అని అడిగేవాళ్ల కోసం ఈ అంకె.

మన దేశం సంగతికి వద్దాం. 1979లో కోజికోడ్‌లో జరిగిన ఆసియా పోటీల్లో మన ఆడవాళ్ల జట్టు ఫైనల్‌కు వెళ్లింది. 1983లో మళ్లీ వెళ్లింది. ఆ తరం ఆటగత్తె శాంతి మల్లిక్‌కు 1983లో అర్జున అవార్డు వచ్చింది. అంటే మనకు ఆట రాదన్నది అబద్ధం. తర్వాత ఏమైంది? 2009లో అంతర్జాతీయ ర్యాంకింగ్ జాబితా నుంచి భారత మహిళల జట్టు పేరే తీసేశారు. ఓడిపోయినందుకు కాదు, ఏడాదిన్నరకు పైగా ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ కూడా ఆడనందుకు. ఆడించే దిక్కు లేక. అక్కడి నుంచి ఈ పిల్లలు మళ్లీ పాకుతూ వచ్చి, 2025 జులై 5న చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ను వాళ్ల సొంత గడ్డ మీద 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించారు. క్వాలిఫయింగ్ పోటీలు గెలిచి వెళ్లడం మన ఆడవాళ్లకు అదే మొదటిసారి. రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్ కొట్టింది. ఆ రాత్రి మన గ్రూపుల్లో ఎంతమంది ఆ వార్త షేర్ చేశారు? నేను చూసినంతలో ఒక్కరూ లేరు.

సరే, బెంగాల్ అమ్మాయి, మనకెందుకు అంటారా? అయితే మన అమ్మాయి గురించి వినండి. గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా, లంబాడీ తండా. సేద్యం చేసుకునే ఇల్లు. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుతో ఒప్పందం చేసుకుంది. తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు వచ్చి, 2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన జట్టులో ముందు వరుసలో ఆడింది. ఆ సీజన్‌కు దేశంలో అత్యుత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు జాతీయ సమాఖ్య ఆమెకే ఇచ్చింది. దేశంలో నంబర్ వన్, మిత్రులారా. తెలుగు నేల మీద పుట్టిన పిల్ల. నా క్లాసులో అరవై మందిని అడిగాను, ఆమె పేరు ఎవరికైనా తెలుసా అని. ఒక్క చెయ్యి లేచింది. ఆ చెయ్యి కూడా ఇంకేదో అడగడానికి లేచింది.

ఈ మాట రాస్తుంటే నాకు కోపం వస్తోంది, రానివ్వండి. మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి వైపు ఎన్ని సుగాలి తండాలున్నాయి? ఆ తండాల్లో కొండ ఎక్కి దిగి నీళ్లు మోసే పిల్లల కాళ్లలో బలం తక్కువా? నిజామాబాద్ తండాకూ వెల్దుర్తి తండాకూ తేడా పిల్లల్లో లేదు. అక్కడ ఎవరో ఒక కోచ్ ఒక గ్రౌండు దగ్గర నిలబడ్డాడు. అదే జిల్లా నుంచి పదమూడేళ్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. గురుకులం పంపింది కాబట్టి ఎక్కింది. చేయించేవాళ్లుంటే జరుగుతుంది. తమిళనాడులో కడలూరు చూడండి, సునామీ కొట్టుకుపోయిన తీరం. ఆ జిల్లా పిల్లలకు ఒక కోచ్ దొరికితే అక్కడి నుంచి ఇందుమతి కదిరేశన్ లాంటివాళ్లు భారత జట్టు దాకా వెళ్లారు. మణిపూర్ ఆడవాళ్లు జాతీయ చాంపియన్‌షిప్‌ను ఇరవైసార్లకు పైగా గెలిచారు, ఎందుకంటే అక్కడ వీధివీధికీ క్లబ్బు ఉంది, చుట్టూ నిలబడి చూసే తల్లులున్నారు.

ఇండియన్ విమెన్స్ లీగ్ 2017లో మొదలైంది. 2025 వరకు దాన్ని గెలిచిన జట్లు మణిపూర్, ఒడిశా, తమిళనాడు, కేరళ, బెంగాల్ రాష్ట్రాలవి. తెలుగు రాష్ట్రాల జట్టు ఒక్కటీ లేదు. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 1956లో నాలుగో స్థానానికి చేరిన భారత జట్టుకు కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్ అని ఇప్పటికీ గొప్పలు పోతాం. ఆ గొప్ప ఆడపిల్లల దగ్గరికి ఎందుకు రాలేదో ఎవరూ అడగరు.

2023 డిసెంబరు 26న మన పక్కనే, గుంటూరు నల్లపాడులో 'ఆడుదాం ఆంధ్రా' మొదలుపెట్టారు. గ్రామ సచివాలయం స్థాయి నుంచి రాష్ట్ర స్థాయి దాకా పోటీలు. క్రికెట్, కబడ్డీ, వాలీబాల్, ఖోఖో, బ్యాడ్మింటన్. అయిదు ఆటలు. ఫుట్‌బాల్ లేదు. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ మంది ఆడే ఆట మన రాష్ట్రం ఆడే ఆటల్లో లేదు. ఆ ప్రభుత్వం పోయింది, ఇంకో ప్రభుత్వం వచ్చింది, ఉద్యోగాల్లో క్రీడా కోటా 2 శాతం నుంచి 3 శాతానికి పెంచామంది. సంతోషం. ఆ కోటాలో ఉద్యోగం రావాలంటే ముందు ఆట ఆడాలి కదా, ఆ ఆట ఎక్కడ ఆడాలి? విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూల్‌లో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని రాసి ఉంది. మీ ఊరి బడికి వెళ్లి చూడండి. ఉంటే దాని మీద ఎవరి వడ్లు ఆరుతున్నాయో, ఎవరి మిరపకాయ ఆరుతోందో కూడా చూడండి.

మిరప అంటే గుర్తొచ్చింది. నేలొక్కటే సరిపోదు, సాయంత్రం కూడా కావాలి. జనవరి నుంచి మార్చి దాకా మన ప్రాంతంలో కోతలు. బడి పిల్లలే బస్తాల దగ్గర కనబడతారు. కర్నూలు వైపు నుంచి వలస వచ్చే కుటుంబాల పిల్లలైతే బడి వదిలేసే వస్తారు. కోతలు లేని రోజున చిన్న తమ్ముణ్ని ఎత్తుకోవడం, నీళ్లు పట్టడం, పొయ్యి వెలిగించడం. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా ఆ ఇంట్లో మగపిల్లాడు ఎక్కడున్నాడు, ఆడపిల్ల ఎక్కడుంది? ఈ ప్రశ్న అగ్రకులాల ఇళ్లను అడగడం లేదు. మన ఇళ్లను అడుగుతున్నాను. రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత చెప్పింది. 15-49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతానికి రక్తహీనత. అండర్-17 జట్టుకు ఆడాల్సిన వయసులో పిల్లను పీటల మీద కూర్చోబెడుతుంటే, రక్తం లేని ఒంటితో తొంభై నిమిషాలు పరిగెత్తమంటుంటే, "ఆడపిల్లలు ఆడరు" అనడం కంటే పెద్ద బూతు ఇంకోటి లేదు.

నేను చదువుకున్న హాస్టల్లో ఒక బంతి ఉండేది. అది బీరువాలో తాళం వేసి ఉండేది. ఇన్‌స్పెక్షన్ రోజున బయటికి తీసి గాలి కొట్టి బల్ల మీద పెట్టేవాళ్లు. సాయంత్రానికి మళ్లీ బీరువాలోకి. ఇంతకంటే దాని గురించి చెప్పడానికేం లేదు.

ఇప్పుడు అసలు మాట. ఇది వినడానికి మన ఉద్యమ సోదరులు కాస్త ఓపిక పట్టాలి.

ఏప్రిల్ 14 వస్తే మన వాడల్లో ఏం జరుగుతుంది? జయంతి క్రికెట్ టోర్నమెంటు. ఫ్లెక్సీ, టెంటు, షీల్డు, డీజే. మొదటి బహుమతి ఫలానా అన్న, రెండో బహుమతి ఫలానా అన్న. మంచిదే, మన కుర్రాళ్లు ఆడాలి. మరి ఆడపిల్లలకు? ముగ్గుల పోటీ. ఇంకొంచెం అభ్యుదయం ఉన్న చోట మ్యూజికల్ చైర్స్. బాబాసాహెబ్ పేరు మీద ఆడపిల్లను వంచి నేల మీద ముగ్గు వేయిస్తున్నాం. ఒక సమాజం ఎంత ముందుకు వచ్చిందో అందులోని ఆడవాళ్లను చూసి కొలుస్తానన్న మనిషి జయంతి అది! అంబేడ్కర్ యువజన సంఘం కమిటీల్లో ఎంతమంది ఆడపిల్లలున్నారో లెక్కపెట్టడం మొదలుపెడితే ఈ వ్యాసం దారి తప్పుతుంది, వదిలేస్తున్నాను.

ఒక తమ్ముడు నాతో అన్నాడు, "అక్కా, చంపేస్తుంటే, భూములు లాక్కుంటుంటే, ఇప్పుడు ఫుట్‌బాలా?" అని. తమ్ముడూ, ఆ రెండూ వేరు కాదనే నేను మొదటి నుంచీ చెబుతున్నది. ఉమ్మడి నేల మీద మనవాళ్ల కాళ్లు పడితే వాళ్లకు ఎక్కడ మండుతుందో నీకు తెలియదా? 2021 ఆగస్టులో టోక్యోలో భారత మహిళల హాకీ జట్టు సెమీస్ ఓడిపోతే హరిద్వార్ దగ్గర వందనా కటారియా ఇంటి ముందు టపాసులు కాల్చి కులం పేరుతో తిట్టారు. దళితులు ఎక్కువైపోయారు కాబట్టే జట్టు ఓడిందన్నారు. నాలుగు రోజుల ముందే దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టిన పిల్ల ఆమె. ఆట వాళ్లకు ఆట కాదు. మనకెందుకు కావాలి?

ఇంకో తమ్ముడు, ఈయన మాంచెస్టర్ యునైటెడ్ అభిమాని, జెర్సీ కూడా ఉంది, రాత్రి ఒంటిగంట దాకా మేలుకుని ఇంగ్లిష్ లీగ్ చూస్తాడు. "విమెన్స్ లీగ్ స్థాయి లేదు మేడమ్, చూడలేం" అంటాడు. స్థాయి ఎక్కడి నుంచి వస్తుంది నాన్నా? డబ్బు నుంచి. డబ్బు చూసేవాళ్ల నుంచి. 2023లో విమెన్స్ ప్రీమియర్ లీగ్ క్రికెట్ ప్రసార హక్కులు అయిదేళ్లకు 951 కోట్లకు అమ్ముడుపోయాయి. ఆ ఏడాది వేలంలో అందరికంటే ఎక్కువ ధర 3 కోట్ల 40 లక్షలు. అదే ఏడాది ఫుట్‌బాల్ సమాఖ్య, విమెన్స్ లీగ్ క్లబ్బులు కనీసం పదిమంది భారత అమ్మాయిలతో ఏడాదికి 3 లక్షల 20 వేలకు తగ్గకుండా ఒప్పందం చేసుకోవాలని చెప్పింది. అది గొప్ప ముందడుగు అని రాశారు, నిజంగా ముందడుగే, ఎందుకంటే అంతకుముందు ఆ కనీసం కూడా లేదు. ఒక క్రికెటర్ ధరతో నూట ఆరుగురు ఫుట్‌బాల్ పిల్లల ఏడాది జీతాలు. క్రికెట్ పిల్లల మీద నాకు ఏ అక్కసూ లేదు. మన కడప జిల్లా శ్రీచరణి 2025 నవంబరులో ప్రపంచ కప్ ఎత్తితే నేనూ ఏడ్చాను. ఆమెకు అందిన ప్రతి రూపాయీ న్యాయమైనదే. నేను చెప్పేది, చూస్తేనే విలువ వస్తుందని. విమెన్స్ లీగ్ మ్యాచ్‌లు చాలావరకు యూట్యూబ్‌లో ఉచితంగానే వచ్చాయి. జియో రీచార్జ్ తప్ప ఖర్చు లేదు.

చూడండి ఒకసారి. వింగ్ మీద సౌమ్యకు బంతి అందినప్పుడు డిఫెండర్ ఎటు ఒరుగుతుందో చూడండి. మిడ్‌ఫీల్డ్‌లో ఉన్న పిల్ల బంతి రాకముందే రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంటుంది, అది గమనించండి. అన్నిటికంటే ముఖ్యంగా సౌండ్ పెంచి వినండి. జనం తక్కువ ఉన్న స్టేడియం కాబట్టి పిల్లల కేకలు వినబడతాయి. "ఇటు ఇవ్వు", "వెనక మనిషి", "వదిలేయ్". ఫుట్‌బాల్‌లో అరవని పిల్లకు పాస్ రాదు. గొంతు తగ్గించమని, నడిచేటప్పుడు తల దించమని పుట్టినప్పటి నుంచీ చెప్పిన పిల్లకు తల ఎత్తి చుట్టూ చూడ్డం, పేరు పెట్టి అరవడం, తనకు కావాల్సింది అడగడం నేర్పే ఆట ఇది. నాలుగేళ్లు నేను స్త్రీవాద కవిత్వం పాఠం చెప్పినా నేర్పలేనిది ఒక్క సీజన్‌లో వస్తుంది. నా ఉద్యోగానికి ముప్పు వచ్చే మాటే, అయినా నిజం.

కలలు అమ్మడం నాకు ఇష్టం లేదు, కాబట్టి ఇదీ చెప్పాలి. ఆట ఆడితే పేదరికం పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. 2022 అక్టోబరులో అండర్-17 మహిళల ప్రపంచ కప్ మన దేశంలోనే జరిగింది. భారత జట్టు కెప్టెన్ అష్టమ్ ఉరావ్, జార్ఖండ్ గుమ్లా జిల్లా ఆదివాసీ పిల్ల. కెప్టెన్ అయిందని ఆమె ఊరికి రోడ్డు వేయడం మొదలుపెట్టారు. ఆ రోడ్డు పనిలో ఆమె తల్లిదండ్రులే కూలికి వెళ్లారు. దీని మీద నేను వ్యాఖ్య రాయను. ఆ టోర్నీలో మన పిల్లలు అమెరికా చేతిలో 0-8తో ఓడారు, మొరాకోతో 0-3, బ్రెజిల్‌తో 0-5. జనం ఆ ఎనిమిదిని పట్టుకుని నవ్వారు. ఆ అమెరికాలో ఆడపిల్లల క్రీడలకు చదువుల్లో సమాన హక్కు ఇచ్చిన చట్టం 1972లోనే వచ్చింది. యాభై ఏళ్ల చట్టానికీ మన బీరువా తాళానికీ మధ్య ఎనిమిది గోల్స్ తేడా అంటే నా లెక్కలో తక్కువే.

ప్రమాదాలూ ఉన్నాయి. అదే అండర్-17 జట్టు ఆ ఏడాది యూరప్ వెళ్లినప్పుడు లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణ మీద అసిస్టెంట్ కోచ్‌ను పదవి నుంచి తీసేశారు. 2024 మార్చిలో గోవాలో రెండో డివిజన్ లీగ్ ఆడుతున్న అమ్మాయిలు సమాఖ్య కార్యవర్గ సభ్యుడొకడు తమ గదిలోకి వచ్చి కొట్టాడని ఫిర్యాదు చేస్తే పోలీసులు అతన్ని అరెస్టు చేశారు. కాబట్టి గ్రౌండు ఒక్కటి ఇస్తే సరిపోదు. ఆడ కోచ్ కావాలి, దూరం వెళ్లేటప్పుడు తోడుగా ఆడ మేనేజర్ కావాలి, 2013 చట్టం ప్రకారం ఫిర్యాదుల కమిటీ కావాలి. "అందుకే పంపం" అనే తల్లిదండ్రులకు మాత్రం ఒక్క మాట. పంపకుండా పదహారేళ్లకు ముక్కూ మొహం తెలియని ఇంటికి పంపుతున్నారు కదా, అక్కడ ఏ కమిటీ ఉంది?

అనంతపురంలో ఆర్డీటీ సంస్థ దళిత, ఆదివాసీ పిల్లల కోసం మైదానాలు కట్టింది, ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పింది, స్పెయిన్ లా లిగా వాళ్లను రప్పించింది. గొప్ప పని. కానీ 2025లో ఆ సంస్థ విదేశీ నిధుల అనుమతి దగ్గర చిక్కు వస్తే జిల్లా మొత్తం రోడ్డెక్కాల్సి వచ్చింది. ఢిల్లీలో ఒక ఫైలు ఆగితే ఇక్కడ పిల్ల ఆట ఆగిపోతుంది. అందుకే నేను దాతల గ్రౌండు అడగడం లేదు. పంచాయతీ గ్రౌండు అడుగుతున్నాను, సర్వే నంబరు ఉన్న గ్రౌండు.

ఎకరం డెబ్బై ఆరు సెంట్లు ఒక్కసారిగా రావని తెలుసు. అయిదుగురు చొప్పున ఆడే చిన్న ఫుట్‌బాల్‌కు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు చాలు. అంటే ఇరవై సెంట్లు. ప్రతి ఎస్సీ కాలనీకి, ప్రతి తండాకి, ప్రతి ఆడపిల్లల గురుకులానికి ఇరవై సెంట్లు, ఒక మహిళా పీఈటీ, సాయంత్రం ఒక గుడ్డు. దీనికి నిధులెక్కడివి అంటే 2013 నాటి సబ్‌ప్లాన్ చట్టం ఉంది. ఆ డబ్బుతో ఊరందరి రోడ్లు వేసుకున్నవాళ్లు మన పిల్లల గ్రౌండుకు లేదనలేరు.

వచ్చే జయంతికి క్రికెట్ ఎలాగూ పెడతారు. దాని పక్కనే ఆడపిల్లల ఫైవ్స్ పెట్టండి. ఒక షరతు. జట్లు పల్లెల వారీగా వద్దు. మాలపల్లె, మాదిగపల్లె, తండా, ముస్లిం బజారు పిల్లల్ని కలిపి చీటీలు తీసి జట్లు కట్టండి. వర్గీకరణ మీద ఎవరి వాదన వాళ్లు ఉంచుకోండి, ఆ పది నిమిషాలు మాత్రం ఈ పల్లె పిల్ల పాస్ ఇస్తేనే ఆ పల్లె పిల్లకు గోల్. ముగ్గుల పోటీ కావాలంటే మగపిల్లలకు పెట్టండి.

ఈ వారం పని. మీ కాలనీ దగ్గర, మీ బడి దగ్గర ఉన్న ఖాళీ పోరంబోకును టేపు పట్టి కొలవండి. టేపు లేకపోతే అడుగులతో కొలవండి, 40 మీటర్లంటే దాదాపు నూట ముప్పై అడుగులు. వీఆర్వో దగ్గర సర్వే నంబరు, విస్తీర్ణం తెలుసుకోండి. చెప్పకపోతే సమాచార హక్కు కింద తహసీల్దారుకు దరఖాస్తు పెట్టండి, నమూనా అడిగినవాళ్లకు నేను పంపుతాను. ఊరి పేరు, సర్వే నంబరు, ఎన్ని సెంట్లు, ఇప్పుడు దాని మీద ఏముంది అన్నది కింద కామెంట్లలో రాయండి. గడ్డివామి ఉంటే గడ్డివామి అని, ఎవరి షెడ్డయినా ఉంటే షెడ్డు అని రాయండి, మనుషుల పేర్లు వద్దు. యాభై ఊళ్లు పోగైతే సోమవారం గ్రీవెన్సుకు నరసరావుపేట కలెక్టరేట్‌కు జాబితాతో వెళదాం. వచ్చేటప్పుడు ఆడపిల్లల్ని వెంట తీసుకురండి, ఒక బంతి కూడా.